సీటు 14 ఎవరిది? మూడు ప్రాసెస్‌లతో డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ నేర్చుకోవడం ఎలా

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో బ్యాకెండ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే క్యాప్ థియరమ్ (నెట్‌వర్క్ తెగినప్పుడు ప్రతిసారీ జవాబివ్వడం, ఆ జవాబు సరైనదే కావడం రెండూ కుదరవన్న సిద్ధాంతం) గురించి అడుగుతారు. చాలామంది గడగడా చెప్పేస్తారు. తర్వాతి ప్రశ్న వస్తుంది: "లీడర్ సర్వర్ చచ్చిపోయిందని మిగతా సర్వర్లకు ఎలా తెలుస్తుంది?" హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని తరచూ పంపే కబురు) రాకపోతే తెలుస్తుందండీ అంటారు. "రాకపోతే చచ్చిపోయినట్టేనా?" అని అడిగేసరికి మాట ఆగిపోతుంది.

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, అంటే చాలా మెషీన్లు కబుర్లు పంపుకుంటూ ఒకే పని చేసే ఏర్పాట్ల సబ్జెక్టు, అసలు మొదలయ్యేది అక్కడే. అవతలి మెషీన్ నుంచి జవాబు రాలేదంటే అది చచ్చిందా, నెమ్మదించిందా, మధ్యలో నెట్‌వర్క్ తెగిందా అన్నది ఇవతలి మెషీన్‌కు తెలిసే దారి లేదు. కోరమ్, టర్మ్, వెక్టర్ క్లాక్, టూ ఫేజ్ కమిట్ అని వేరువేరు పేర్లతో మీరు చదివేవన్నీ ఈ తెలియనితనంతో బతకడానికి మనుషులు కనిపెట్టిన పద్ధతులే. విడివిడిగా బట్టీ పట్టకుండా ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, దాన్ని మీ చేత్తోనే పాడుచేసి, ఏ దెబ్బకు ఏ మందు అవసరమైందో చూస్తూ వెళ్లండి. అమీర్‌పేటలో నెలల కోర్సుకు డబ్బు కట్టే ముందు ఈ పని చేసి చూడమని నా సలహా. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్, అందులో లినక్స్ ఉంటే సరిపోతుంది. విండోస్ అయితే దాని లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేసుకోండి. గో, జావా, పైథాన్ ఏ భాషైనా పర్లేదు.

మనం కట్టబోయేది బస్సు సీట్ల బుకింగ్. ఎంజీబీఎస్ నుంచి రాత్రి విజయవాడ వెళ్లే ఒక బస్సు, అందులో 40 సీట్లు. కూకట్‌పల్లి నుంచి ఒకరు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకరు ఒకేసారి సీటు 14 అడుగుతారు. రెండే నియమాలు: ఒక సీటు ఇద్దరికి ఇవ్వకూడదు, ఒకసారి "మీ టికెట్ ఖరారైంది" అని చెప్పాక ఆ టికెట్ మాయం కాకూడదు. ఈ రెండు వాక్యాలూ ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. చివరిదాకా ప్రతి మార్పునూ వీటితోనే పరీక్షిస్తాం.

మొదటి మెట్టు: ఒక్క సర్వర్, ఒక్క లాగ్

ముందు ఒక్క ప్రాసెస్ రాయండి. సీటు నంబర్‌కు ప్రయాణికుడి ఐడీ చూపించే మ్యాప్ ఒకటి మెమరీలో ఉంటుంది. "చూడు", "బుక్ చెయ్యి" అని రెండే రిక్వెస్టులు. బుకింగ్ వచ్చినప్పుడు ముందు లాగ్ అనే ఒక ఫైల్ చివర ఆ లైన్ రాయాలి, ఆ తర్వాతే మ్యాప్ మార్చాలి, ఆ తర్వాతే జవాబు పంపాలి. ప్రాసెస్ మళ్లీ లేచినప్పుడు ఫైల్‌ను మొదటి నుంచి చదువుకుని మ్యాప్‌ను తిరిగి కట్టుకుంటుంది. చాలా డేటాబేస్‌లు లోపల చేసే పని ఇదే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఫైల్‌లో రాయమని చెప్పగానే డేటా డిస్కు మీదికి వెళ్లదు, ముందు ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో కూర్చుంటుంది. ప్రాసెస్‌ను కిల్ మైనస్ తొమ్మిదితో చంపి, మళ్లీ లేపి, "ఏమీ పోలేదు కదా" అని సంతోషపడకండి. ప్రాసెస్ చచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉంది కాబట్టి అది మెల్లగా డిస్కుకు రాసేస్తుంది. కరెంటు పోతే మాత్రం ఆ మెమరీ మొత్తం పోతుంది. అందుకే జవాబు పంపేముందు, డేటాను డిస్కుకు చేర్చమని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే ఎఫ్‌సింక్ పిలవాలి. దానివల్ల సెకనుకు చేయగలిగే బుకింగులు బాగా తగ్గుతాయి, ఆ తేడాను మీ మెషీన్ మీదే కొలిచి చూడండి. తర్వాత కొన్ని బుకింగులను ఒక గుంపుగా రాసి, గుంపు మొత్తానికి ఒక్కసారే ఎఫ్‌సింక్ చేసి చూడండి.

రెండో మెట్టు: జవాబు రాకపోతే ఏం చేయాలి

ఇప్పుడు క్లయింట్ రాయండి. అది సీటు 14 అడిగి, 2 సెకన్లు ఆగి, జవాబు రాకపోతే మళ్లీ అడుగుతుంది. సర్వర్ కోడ్‌లో ఒక టెస్ట్ స్విచ్ పెట్టండి: ప్రతి పది బుకింగుల్లో మూడింటికి పని పూర్తిచేసి, జవాబు మాత్రం పంపకుండా ఊరుకోవాలి.

నడిపి చూస్తే కూకట్‌పల్లి ప్రయాణికుడికి "సీటు 14 అయిపోయింది" అని వస్తుంది. ఆ సీటు ఎవరికి పోయింది? ఆయనకే. మొదటి రిక్వెస్టులో పని అయిపోయింది, జవాబు దారిలో పోయింది. మళ్లీ అడిగితే సర్వర్ ఆయన్ను కొత్త మనిషిగా చూసింది. క్లయింట్ వైపు నుంచి చూస్తే రిక్వెస్టే చేరకపోయి ఉండొచ్చు, చేరాక సర్వర్ మధ్యలో పడిపోయి ఉండొచ్చు, పని పూర్తయి జవాబే పోయి ఉండొచ్చు. మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఎంత తెలివైన క్లయింట్ రాసినా వీటిని విడదీయలేదు.

విడదీయలేనప్పుడు మళ్లీ అడిగినా నష్టం లేకుండా చేయాలి. క్లయింట్ బుకింగ్ మొదలుపెట్టేటప్పుడే ఒక ప్రత్యేకమైన రిక్వెస్ట్ ఐడీ తయారుచేసుకుని, ఎన్నిసార్లు అడిగినా అదే ఐడీ పంపాలి. సర్వర్ ఆ ఐడీకి ఇంతకుముందు ఇచ్చిన జవాబు గుర్తుపెట్టుకుని, మళ్లీ వస్తే పని చేయకుండా ఆ జవాబునే తిప్పి పంపాలి. చాయ్ బండి దగ్గర యూపీఐ చెల్లింపు తిరుగుతూ ఉండిపోతే మనకూ కలిగే టెన్షన్ ఇదే: డబ్బు వెళ్లిందా, లేదా, ఇంకోసారి స్కాన్ చేయాలా? ఆ లావాదేవీకి 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది కాబట్టే తర్వాత దాని గతేమిటో వెతికి తేల్చుకోగలుగుతున్నాం.

రెండు జాగ్రత్తలు. ఐడీలు, వాటి జవాబులు కూడా అదే లాగ్‌లోకి వెళ్లాలి. మెమరీలోనే ఉంచితే సర్వర్ రీస్టార్ట్ అయ్యాక మర్చిపోతుంది. ఇక మళ్లీ అడిగే ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తూ, దానికి కొంత ర్యాండమ్ సమయం కలపండి. లేకపోతే దసరా సెలవుల ముందు రోజు వేలమంది క్లయింట్లు ఒకే క్షణంలో మళ్లీ అడిగి, అప్పుడే లేస్తున్న సర్వర్‌ను మళ్లీ పడగొడతారు.

మూడో మెట్టు: మూడు ప్రాసెస్‌లు, ఒక గడియారం భ్రమ

ఇప్పుడు అదే ప్రోగ్రామ్‌ను 7001, 7002, 7003 పోర్టుల మీద మూడుసార్లు నడపండి. వాటిని 'ఏ', 'బి', 'సి' అందాం. ప్రస్తుతానికి ఎవరు బుకింగ్ తీసుకున్నా మిగతా ఇద్దరికీ కబురు పంపేలా మాత్రమే రాయండి. లినక్స్‌లో టీసీ అనే కమాండ్ ఉంది, అందులో నెటెమ్ వాడి లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునే నెట్‌వర్క్) మీద ఆలస్యం, ప్యాకెట్ల నష్టం కలపొచ్చు. 200 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి, కూకట్‌పల్లి క్లయింట్‌ను 'ఏ' దగ్గరికి, దిల్‌సుఖ్‌నగర్ క్లయింట్‌ను బి దగ్గరికి ఒకేసారి పంపండి. ఇద్దరికీ సీటు 14 ఖరారవుతుంది. మొదటి నియమం విరిగింది.

"ఎవరు ముందు బుక్ చేశారో టైమ్ చూసి తేలుద్దాం" అన్నది అందరికీ తట్టే మొదటి ఆలోచన. అది పనిచేయదు. రెండు మెషీన్ల గడియారాలు ఎప్పుడూ సరిగ్గా కలవవు. నెట్‌వర్క్ ద్వారా గడియారాలను కలిపే ఎన్‌టీపీ సరిదిద్దినా మిల్లీసెకన్ల తేడా ఉంటుంది, ఒక్కోసారి అది గడియారాన్ని వెనక్కి కూడా తిప్పుతుంది. తర్వాతి టైమ్ ఉన్నదే నిలుస్తుందని నియమం పెడితే, ఖరారైన టికెట్ ఒకటి చప్పుడు లేకుండా చెరిగిపోతుంది. రెండో నియమమూ పోయినట్టే. (ఒకే మెషీన్‌లో టైమ్‌అవుట్ లెక్కలకైనా మామూలు గడియారం వాడకండి. దాదాపు ప్రతి భాషలోనూ మోనోటోనిక్ గడియారం విడిగా ఉంటుంది, అది వెనక్కి తిరగదు.)

1978లో లెస్లీ లాంపోర్ట్ దీన్ని తలకిందులు చేసి ఆలోచించాడు. మనకు కావలసింది టైమ్ కాదు, దేనికి ముందు ఏది జరిగిందన్న వరస. అందుకు ప్రతి ప్రాసెస్ దగ్గర ఒక అంకె చాలు. ఏ పని జరిగినా అంకెకు ఒకటి కలపాలి. కబురు పంపేటప్పుడు ఆ అంకె కూడా పంపాలి. కబురు అందుకున్నవాళ్లు తమ అంకె, వచ్చిన అంకె రెండింటిలో పెద్దదానికి ఒకటి కలిపి తమదిగా చేసుకోవాలి. 'ఏ' దగ్గర అంకె 5, బి దగ్గర 2 ఉందనుకోండి. 'ఏ' ఒక కబురు పంపుతుంది, అంకె 6 అవుతుంది. బి అందుకుంటే దాని అంకె 7. కబురు పంపడం ముందు, అందుకోవడం తర్వాత అన్నది అంకెల్లోనే కనిపిస్తుంది.

దీన్ని పది నిమిషాల్లో కోడ్ చేయొచ్చు, కానీ దాని పరిమితి అర్థం చేసుకోకుండా ముందుకు పోవద్దు. ఒక పని మరోదానికి కారణమైతే దాని అంకె తప్పకుండా చిన్నది. అంకె చిన్నది కాబట్టి అదే కారణం అనడం మాత్రం కుదరదు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగాయని పట్టుకోవాలంటే ఒక్క అంకె చాలదు, ఎంతమంది ప్రాసెస్‌లుంటే అన్ని అంకెల వరస కావాలి. అదే వెక్టర్ క్లాక్. 1988లో ఫిడ్జ్, మాటెర్న్ ఎవరికి వారు విడిగా ప్రచురించారు. 'ఏ' చేసిన బుకింగ్ మీద (1, 0, 0), బి చేసిన దాని మీద (0, 1, 0) ఉంటే, రెండింటిలో ఒక్కటి కూడా రెండోదానితో పోలిస్తే అన్ని చోట్లా సమానంగానో పెద్దగానో లేదు. అంటే ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా చేశారు. మీ ప్రోగ్రామ్‌లో దీన్ని పెట్టి, సీటు 14 తగాదా పడినప్పుడల్లా స్క్రీన్ మీద ఎర్రగా చూపించండి.

తగాదా కనబడుతుంది కానీ తీరదు. షాపింగ్ కార్ట్ అయితే రెండు వైపులా ఉన్న వస్తువులు కలిపేసుకోవచ్చు. ఒక సీట్లో ఇద్దర్ని కలిపి కూర్చోబెట్టలేం.

నాలుగో మెట్టు: మెజారిటీ ఎందుకు

రాసేటప్పుడు ముగ్గురిలో ఇద్దరు "రాసుకున్నాను" అనాలి, చదివేటప్పుడు ఇద్దర్ని అడగాలి అని నియమం పెట్టండి. ముగ్గురిలోంచి ఏ ఇద్దర్ని తీసుకున్నా, ఇంకే ఇద్దర్ని తీసుకున్నా కనీసం ఒకరు రెండు జట్లలోనూ ఉంటారు. ఆ ఒక్కరి దగ్గర తాజా సంగతి ఉంటుంది. కోరమ్ అంటే ఇంతే. అమెజాన్ 2007లో ప్రచురించిన డైనమో పత్రంలో ఈ అంకెలను అవసరాన్ని బట్టి ఎంచుకోనిచ్చారు.

ముగ్గురిలో ఒకరు పడిపోయినా పని నడుస్తుంది. ఐదుగురుంటే ఇద్దరు పడిపోవచ్చు. నలుగురు పెడితే? మెజారిటీకి ముగ్గురు కావాలి, అంటే ఒక్కరు పడిపోతేనే తట్టుకుంటుంది. ఖర్చు పెరిగింది, బలం పెరగలేదు. బేసి సంఖ్యలో సర్వర్లు పెట్టడానికి కారణం ఇదే.

కోరమ్ ఒక్కటే పెట్టి మన సీట్ల పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఇది చేసి చూడండి: "14 ఖాళీయేనా" అని ఇద్దర్ని అడుగు, ఖాళీ అయితే ఇద్దరికి రాయి అని క్లయింట్ కోడ్ రాయండి. ఇద్దరు క్లయింట్లు ఒకేసారి అడిగితే ఇద్దరికీ "ఖాళీ" అనే వస్తుంది, ఇద్దరూ రాసేస్తారు. అడగడానికీ రాయడానికీ మధ్య ఉన్న సందులోంచి రెండోవాళ్లు దూరారు. ఇంకో చిక్కు: రాసే క్లయింట్ 'ఏ' దగ్గర మాత్రం రాసి పడిపోయాడనుకోండి. ఏ, బి లను అడిగినవాళ్లకు సీటు నిండినట్టు, బి, సి లను అడిగినవాళ్లకు ఖాళీగా కనిపిస్తుంది. పాత కాపీ కనబడినప్పుడు చదివేవాళ్లే దాన్ని సరిదిద్దే పద్ధతి ఉంది, అయినా మొదటి చిక్కు అలాగే ఉంటుంది.

కావలసింది అన్ని సర్వర్లూ ఒప్పుకున్న ఒకే వరస: బుకింగ్ నంబర్ 1, 2, 3 అని. వరస ఒకటే అయితే, అందరూ ఆ వరసలోనే అమలు చేస్తే, మూడు మ్యాపులూ ఒకేలా ఉంటాయి. మొదటి మెట్టులో రాసిన లాగ్‌నే మూడు చోట్ల ఒకేలా పెంచాలన్నమాట. ఈ ఒప్పందాన్నే కన్సెన్సస్ అంటారు.

ఐదో మెట్టు: రాఫ్ట్

ఇక్కడ ఆగి, తీరిగ్గా పని చేయండి. వారాలు పట్టినా పట్టనివ్వండి.

కన్సెన్సస్‌కు పేరున్న పాత పద్ధతి పాక్సోస్. అదీ లాంపోర్ట్‌దే, 1998లో ప్రచురితమైంది. చదివినవాళ్లందరికీ కష్టంగా తోచిందని స్టాన్‌ఫర్డ్‌లో డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో రాఫ్ట్ అనే పద్ధతి తెచ్చారు. సులభంగా అర్థం కావడమే వాళ్లు పెట్టుకున్న మొదటి లక్ష్యం. నేర్చుకునేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిది. పాక్సోస్ తర్వాత చదివితే అప్పుడు అందం కనిపిస్తుంది.

ముందు ఎన్నిక ఒక్కటే రాయండి, లాగ్ జోలికి పోవద్దు. ప్రతి సర్వర్ దగ్గర టర్మ్ అనే అంకె ఉంటుంది, అది పెరగడమే గానీ తగ్గదు. లీడర్ నుంచి కొంతసేపు హార్ట్‌బీట్ రాకపోతే, ఒక సర్వర్ టర్మ్ ఒకటి పెంచి, తనకు తాను ఓటు వేసుకుని, మిగతావాళ్లను ఓటు అడుగుతుంది. ఒక టర్మ్‌లో ఒక సర్వర్ ఒక్క ఓటే వేయాలి. మెజారిటీ వస్తే లీడర్. ఎంతసేపు ఆగాలన్నది ప్రతిసారీ ర్యాండమ్‌గా ఎంచుకోవాలి. రాఫ్ట్ పత్రంలో 150 నుంచి 300 మిల్లీసెకన్లు వాడారు. ముగ్గురికీ ఒకే టైమ్‌అవుట్ పెట్టి నడిపి చూడండి: ముగ్గురూ ఒకేసారి నిలబడి, ఎవరి ఓటు వాళ్లే వేసుకుని, ఎన్నిక తెగకుండా తిరుగుతూ ఉంటుంది.

వేసిన ఓటునూ టర్మ్‌నూ ఎఫ్‌సింక్ చేశాకే జవాబు పంపాలి. సి ఓటు వేసి, పడిపోయి, లేచి, అదే టర్మ్‌లో ఇంకొకరికి ఓటు వేస్తే ఒకే టర్మ్‌లో ఇద్దరు లీడర్లు వస్తారు. అక్కడితో కథ ముగుస్తుంది.

తర్వాత లాగ్. బుకింగులన్నీ లీడర్ దగ్గరికే వస్తాయి. లీడర్ తన లాగ్ చివర రాసి మిగతావాళ్లకు పంపుతుంది. పంపేటప్పుడు "దీనికి ముందున్న ఎంట్రీ నంబర్ ఇంత, దాని టర్మ్ ఇంత" అని కూడా చెబుతుంది. అందుకున్న సర్వర్ తన దగ్గర అది సరిపోతేనే రాసుకోవాలి, లేకపోతే కుదరదనాలి. అప్పుడు లీడర్ ఒక ఎంట్రీ వెనక్కి జరిగి మళ్లీ పంపుతుంది. మెజారిటీ దగ్గర చేరాక ఆ ఎంట్రీ కమిట్ అయినట్టు. అప్పుడే మ్యాప్ మార్చాలి, అప్పుడే ప్రయాణికుడికి చెప్పాలి. ఓటు వేసే నియమానికి కూడా ఒకటి చేరుతుంది: అడిగినవాళ్ల లాగ్ నా లాగ్‌కంటే వెనకబడి ఉంటే ఓటు వేయను. చివరి ఎంట్రీ టర్మ్ ముందు చూడాలి, అది సమానమైతే పొడవు చూడాలి. కమిట్ అయిన ఎంట్రీ మెజారిటీ దగ్గర ఉంటుంది, గెలవాలన్నా మెజారిటీ కావాలి. ఆ రెండు జట్లకూ ఉమ్మడిగా ఉన్న సర్వర్, ఆ ఎంట్రీ లేనివాళ్లను గెలవనివ్వదు. నాలుగో మెట్టులో చూసిన లెక్కే మళ్లీ కాపాడుతోంది.

ఇప్పుడు పరీక్ష. లినక్స్‌లో కిల్ కమాండ్‌తో స్టాప్ అనే సిగ్నల్ పంపితే ప్రాసెస్ చావదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. కంట్ సిగ్నల్ పంపితే ఏమీ జరగనట్టు కొనసాగుతుంది. జావాలో పొడుగాటి గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఏరేసే పని) పడినప్పుడూ, వర్చువల్ మెషీన్ ఆగినప్పుడూ జరిగేది ఇదే. చంపి చూసే పరీక్షల కన్నా ఈ పరీక్ష పదింతలు నేర్పుతుంది.

'ఏ' లీడర్‌గా ఉంది, టర్మ్ 3, లాగ్‌లో 5 ఎంట్రీలు ముగ్గురి దగ్గరా ఉన్నాయి. కూకట్‌పల్లి నుంచి సీటు 14 రిక్వెస్ట్ వచ్చింది. 'ఏ' దాన్ని 6వ ఎంట్రీగా తన లాగ్‌లో రాసుకోగానే, మిగతావాళ్లకు పంపక ముందే, తనకు తానే స్టాప్ సిగ్నల్ పంపుకునేలా ఒక టెస్ట్ లైన్ పెట్టండి. 'ఏ' బిగుసుకుపోతుంది. కొన్ని వందల మిల్లీసెకన్లలో బి లేచి టర్మ్ 4 అంటుంది, సి ఓటు వేస్తుంది, బి లీడర్ అవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సీటు 14 రిక్వెస్ట్ బి దగ్గరికి వస్తుంది. అది టర్మ్ 4లో 6వ ఎంట్రీ. సి రాసుకుంది, మెజారిటీ అయింది, ఖరారు.

ఇప్పుడు 'ఏ' కు కంట్ సిగ్నల్ పంపండి. తనకు తెలిసినంతవరకు అది ఇంకా లీడరే, ఒక్క క్షణం కూడా గడవలేదు. తన 6వ ఎంట్రీని బి, సి లకు పంపుతుంది. వాళ్లు "మేం టర్మ్ 4లో ఉన్నాం" అని తిప్పికొడతారు. పెద్ద టర్మ్ చూడగానే 'ఏ' లీడర్ పదవి దిగిపోతుంది. బి తన ఎంట్రీ పంపినప్పుడు 5వది సరిపోతుంది, 6వ దగ్గర టర్మ్ తేడా కనిపిస్తుంది, 'ఏ' తన పాత ఎంట్రీ తీసేసి బి ఇచ్చింది రాసుకుంటుంది. కూకట్‌పల్లి క్లయింట్ అదే ఐడీతో మళ్లీ అడిగి "సీటు నిండింది" అన్న జవాబు అందుకుంటుంది. ఆయనకు ఎవరూ ఖరారని చెప్పలేదు కాబట్టి ఏ నియమమూ విరగలేదు. మీ లాగ్‌లలో ఈ వరస అక్షరం పొల్లు పోకుండా కనిపించేదాకా ముందుకు కదలకండి.

ఇదే పరీక్షలో ఇంకో బొక్క కూడా బయటపడుతుంది. 'ఏ' లేచిన మరుక్షణం ఎవరైనా దాన్ని "14 ఖాళీయేనా" అని అడిగితే, బి మాట దానికి ఇంకా చేరలేదు కాబట్టి ఖాళీయే అంటుంది. చదివే రిక్వెస్టులకు కూడా లీడర్ ముందు మెజారిటీకి ఒక హార్ట్‌బీట్ పంపి, తాను ఇంకా లీడర్నేనని నిర్ధారించుకున్నాకే జవాబివ్వాలి. చాలామంది సొంతంగా రాసే రాఫ్ట్‌లలో ఈ ముక్క ఉండదు.

మరో సూక్ష్మం: పాత టర్మ్‌కు చెందిన ఎంట్రీ మెజారిటీ దగ్గర ఉందని లెక్కపెట్టి కొత్త లీడర్ దాన్ని కమిట్ అనకూడదు. తన టర్మ్‌లో ఒక ఎంట్రీ కమిట్ అయితే కింద ఉన్నవి దానితోపాటే కమిట్ అవుతాయి. ఎందుకో ఆ పత్రంలో ఐదు సర్వర్లతో ఉన్న 8వ బొమ్మను కాగితం మీద మీరే గీసుకుని చూడండి, నేను మాటల్లో చెబితే తేలిక అనిపించి మర్చిపోతారు.

టైమ్‌అవుట్ సరిగ్గా ఎంత పెట్టాలి అని అడుగుతారు. తక్కువ పెడితే బతికున్న లీడర్‌ను అనవసరంగా దించుతారు, ఎక్కువ పెడితే నిజంగా చచ్చినప్పుడు బుకింగులు ఆగిపోతాయి. పక్కాగా సరైన సంఖ్య లేదు. 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ ఒక ఫలితం నిరూపించారు: కబుర్లు ఎంత ఆలస్యమవుతాయో హద్దు లేని చోట, ఒక్క ప్రాసెస్ పడిపోయే అవకాశం ఉన్నా సరే, ర్యాండమ్ సాయం లేని ఏ అల్గారిథమ్ కూడా ప్రతిసారీ ఒప్పందానికి వచ్చి తీరుతుందని హామీ ఇవ్వలేదు. రాఫ్ట్ దీన్ని ఓడించలేదు, పక్కనుంచి వెళ్లింది. టైమ్‌అవుట్ తప్పితే పని ఆలస్యం అవుతుందే తప్ప సీటు ఇద్దరికి పోదు. మీరు ఏ డిజైన్ చూసినా ఈ ప్రశ్న అడగండి: టైమింగ్ తప్పితే దీనిలో ఆలస్యమవుతుందా, తప్పు జరుగుతుందా?

ఇక ఆ క్యాప్ సంగతి. ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించాడు, గిల్బర్ట్, లించ్ 2002లో నిరూపించారు. సరైన జవాబు, ఎప్పుడూ జవాబు, నెట్‌వర్క్ తెగినా నడవడం అనే "మూడింటిలో రెండు ఎంచుకో" అని నేర్పే పద్ధతి నాకు నచ్చదు, ఎందుకంటే నెట్‌వర్క్ తెగడం మనం ఎంచుకునేది కాదు. ఐపీటేబుల్స్ అనే లినక్స్ ఫైర్‌వాల్‌తో సి ని విడదీసి చూడండి. విడిపోయిన సి దగ్గరికి వచ్చిన ప్రయాణికుడికి "ఇప్పుడు చెప్పలేను" అనాలి, లేదా పాత సంగతి చెప్పి తప్పు చేసే ప్రమాదం తీసుకోవాలి. రాఫ్ట్ మొదటిది ఎంచుకుంది. సీటు బుకింగ్‌కు అది సరైనది. బస్సు ఫొటోలు, రివ్యూలు చూపించడానికి రెండోది చాలు.

ఆరో మెట్టు: ఒక గుంపు చాలనప్పుడు

బస్సులు వేలల్లో పెరిగితే డేటాను ముక్కలు చేసి వేరువేరు రాఫ్ట్ గుంపులకు పంచాలి. బస్సు ఐడీని సర్వర్ల సంఖ్యతో భాగించి శేషం చూస్తే, మూడు నుంచి నాలుగుకు పెంచిన రోజు ముప్పాతిక వంతు డేటా చోటు మారాలి. 1997లో వచ్చిన కన్సిస్టెంట్ హాషింగ్‌తో పావు వంతు మారితే చాలు. ఇది అరపూటలో రాయగలిగే కోడ్.

చిక్కు వచ్చేది రెండు ముక్కలను ఒకేసారి మార్చాల్సి వచ్చినప్పుడు. వెళ్లడానికి, తిరిగి రావడానికి రెండు టికెట్లు, రెండూ దొరికితేనే కావాలి, రెండు బస్సులూ వేరే గుంపుల్లో ఉన్నాయి. టూ ఫేజ్ కమిట్‌లో ఒక సమన్వయకర్త ముందు ఇద్దర్నీ "సిద్ధమా" అని అడుగుతుంది. ఇద్దరూ సిద్ధమంటేనే "కానివ్వండి" అంటుంది. సిద్ధమన్న తర్వాత, తీర్పు రాకముందు సమన్వయకర్తకు స్టాప్ సిగ్నల్ ఇచ్చి చూడండి. రెండు సీట్లూ లాక్ అయిపోయి, అమ్మలేక వదల్లేక ఉండిపోతాయి. సమన్వయకర్త తీసుకున్న తీర్పును కూడా ఒక రాఫ్ట్ గుంపులో రాయించండి, అప్పుడు దాని స్థానంలో ఇంకొకరు లేచి ముగించగలరు.

సర్వర్లు అబద్ధాలాడితే ఎలా అన్న బైజాంటైన్ సమస్యను ఇప్పుడు పట్టుకోకండి. ఒక్క అబద్ధాలకోరును తట్టుకోవాలన్నా నలుగురు కావాలి, అది వేరే లోకం.

ఏడో మెట్టు: మీరు నమ్మకండి, పరీక్షతో నమ్మించండి

మీ చేత్తో సిగ్నల్స్ పంపి చేసిన పరీక్షలు మీరు ఊహించిన తప్పులనే పట్టుకుంటాయి. ఒక స్క్రిప్ట్ రాయండి. అది ర్యాండమ్‌గా ఒకదాన్ని చంపాలి, ఒకదాన్ని బిగించాలి, ఒకదాని నెట్‌వర్క్ తెంచాలి, ఈలోగా పది క్లయింట్లు సీట్లు అడుగుతూ ఉండాలి. ప్రతి రిక్వెస్ట్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ జవాబు వచ్చింది అన్నది రాసుకోవాలి. చివర్లో కాగితం మీద పెట్టుకున్న ఆ రెండు నియమాలతో చరిత్ర మొత్తం సరిచూడాలి. టైమ్‌అవుట్ అయిన రిక్వెస్టును విఫలమైనట్టు లెక్కేయకండి, అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు అనే రాసుకోండి. ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ వరసకు మొదలయ్యే అంకె) తప్పకుండా దాచండి, తప్పు దొరికిన రోజు అదే వరసలో దెబ్బలు మళ్లీ కొట్టడానికి అదే ఆధారం. రాత్రంతా నడవనివ్వండి. పొద్దున్నే ఏదో ఒకటి దొరుకుతుంది. జెప్సెన్ అనే టూల్ పేరున్న డేటాబేస్‌ల మీద చేసేది ఇదే పని, దాని రిపోర్టులు చదవడం ఈ దశలో గొప్ప చదువు. కోడ్ కన్నా ముందు డిజైన్‌నే పరీక్షించాలనుకుంటే లాంపోర్ట్ తయారుచేసిన టీఎల్ఏ ప్లస్ అనే డిజైన్ రాసే భాష ఉంది.

ఎనిమిదో మెట్టు: లాప్‌టాప్ దాటించడం

అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది, అందులో మూడు జోన్లు (విడివిడి డేటా సెంటర్లు) ఉన్నాయి. అక్కడున్న అతి చిన్న మెషీన్లు మూడు తీసుకుని, ఒక్కో జోన్‌లో ఒకటి పెట్టండి. లాప్‌టాప్ మీద దాదాపు సున్నా ఉన్న దూరం ఇప్పుడు నిజమవుతుంది. ప్రతి బుకింగ్‌కూ లీడర్ ఇంకో జోన్‌దాకా వెళ్లి రావాలి, కానీ మిగతా ఇద్దరిలో ఒకరి జవాబు రాగానే చాలు కాబట్టి మూడింటిలో నెమ్మదైనది మిమ్మల్ని ఆపదు. కొలిచి చూడండి.

తర్వాత ఒకదాన్ని ముంబైకి మార్చండి. తిన్నగా 620 కిలోమీటర్ల దూరం, ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే వెళ్లి రావడానికే 6 మిల్లీసెకన్లకు తక్కువ కాదు. కేబుల్ తిన్నగా పోదు కాబట్టి అసలు అంకె ఇంకా పెద్దది. లీడర్ హైదరాబాద్‌లో ఉన్నప్పుడు బుకింగ్ సమయం పెద్దగా మారదు, ముంబై మెషీన్ లీడర్ అయినప్పుడు మారుతుంది. ఎందుకో మీకే తెలుస్తుంది. అమెరికా తూర్పు తీరంలో పెడితే ఇదే లెక్కతో 130 మిల్లీసెకన్ల పైమాటే. రాఫ్ట్ పత్రంలోని 150 నుంచి 300 మిల్లీసెకన్ల టైమ్‌అవుట్ అక్కడ అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూసి, మీ అంకెలు మీరే పెట్టుకోండి. మెషీన్ల మధ్య పోర్టులు తెరిచేటప్పుడు మొత్తం ఇంటర్నెట్‌కు తెరవకండి, ఆ మూడు అడ్రస్‌లకు మాత్రమే తెరవండి. పని అయ్యాక మెషీన్లను ఆపి ఊరుకోకుండా డిలీట్ చేయండి, వాటికి తగిలించిన డిస్కులు కూడా పోయాయో లేదో చూసుకోండి. మెషీన్ ఆగినా డిస్కు ఉన్నంతకాలం బిల్లు పడుతూనే ఉంటుంది.